వాకిట మంచం వేసుకున్న కోటయ్యన్నయ్య

మా కోటయ్యన్నయ్య ఇక లేరు. మొన్న పొద్దున పాలవాడు వచ్చి వెళ్ళిపోయాడు గాని ఆయన నోట ఒక్క తిట్టూ వినబడలేదు. పాలు పలచగా ఉన్నాయనో, సైకిలు గంట గట్టిగా కొట్టాడనో, అసలు కొట్టలేదనో, వాణ్ణి తిట్టనిదే మా వీధికి తెల్లవారేది కాదు. చీపురు అక్కడే పడేసి పరుగెత్తాను. ఎదురింటి రాణి వాకిట్లో, నులక మంచం మీద, కర్ర పక్కన పెట్టుకుని పడుకుని ఉన్నారు. ఒళ్ళు ముట్టుకుంటే చల్లగా తగిలింది.

పోయినవాళ్ళందరినీ శాంతమూర్తి, మృదుభాషి అని రాయడం ఆచారం. ఆ మాట ఈయన మీద రాస్తే లేచి వచ్చి కొడతారు. మా వీధిలో ఆయన చేతి దెబ్బ తినని మగాడు లేడు. చర్చి మైకు గోలగా ఉందని సాల్మన్ మాస్టారి మీదకి కర్రెత్తారు. వినాయకుడి పందిట్లో పాటలు పెట్టారని మా అబ్బాయి వీపు మీద నిజంగానే వేశారు. ఆ విషయంలో ఆయనకి మతభేదం లేదు. భార్య రత్తమ్మ పోయాక ఆ కోపం మరీ ముదిరింది. పిల్లలు లేరు, అన్నం పెట్టే దిక్కు లేదు. పక్కింటి నుంచి నేను గిన్నెలో కూర పోసి పంపితే, "నూనె ఇంత తక్కువా? నీ పిసినారితనం కూరలోక్కూడా వచ్చిందే సుబ్బాయమ్మా" అని గోడ మీంచి అరిచేవారు. గిన్నె మాత్రం కడిగినట్టు ఖాళీగా వచ్చేది.

రాణి మొగుడు శ్రీను చీమకుర్తి క్వారీల్లో లారీ తోలేవాడు. ఇంటికొచ్చినప్పుడల్లా ఆ పిల్లని చావబాదేవాడు. వీధిలో అందరం వినేవాళ్ళం. ఆలుమగల గొడవ అని తలుపులు వేసుకునేవాళ్ళం.

ఒక మధ్యాహ్నం కోటయ్యన్నయ్య ఇంటి అరుగు మీద కూర్చుని ఆయనతో సహా అందరం మిరపకాయల తొడిమలు తీస్తున్నాం. శ్రీను రాణిని జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడ్చుకొచ్చాడు. చేతిలో లారీ బెల్టు. ఆ పిల్ల నోట్లోంచి రక్తం కారుతోంది. మేమంతా తలలు వంచుకున్నాం. ఆయన లేచారు.

"ఒరేయ్ శ్రీనూ! ఏంట్రా ఆ గోల? ముసలోణ్ణి, కాసేపు కునుకు తియ్యొద్దా?"

"మా ఇంటి గొడవ నీకెందుకు తాతా? పోయి పడుకో."

"మీ ఇంటి గొడవైతే మీ ఇంట్లోనే ఉండాలి గదరా. నా చెవిలోకెందుకు దూరింది?"

అంటూనే చెంప పగలగొట్టారు. శ్రీను పిడికిలి బిగించి మూతి మీద గుద్దాడు. ముందు పన్ను ఊడి మిరపకాయల్లో పడింది. ఆయన వాడి మొహాన్ని రెండు చేతులతో పట్టి పిండేశారు. పొద్దుటి నుంచి తొడిమలు తీసిన చేతులు! శ్రీను కళ్ళు మూసుకుని మట్టిలో పొర్లి పొర్లి ఏడ్చాడు. ఇక్కడ పుట్టి పెరిగిన ఏ మనిషైనా అప్పుడు చెయ్యకూడని పని ఒకటుంది. మూతి రక్తం తుడుచుకుంటూ కోటయ్యన్నయ్య అదే చేశారు, అదే చేత్తో కళ్ళు కూడా తుడుచుకున్నారు. ఇంకేముంది, ఆయనా వాడి పక్కనే కూలబడి కేకలు.

ఇద్దర్నీ నా వాకిట్లో పక్కపక్కనే కూర్చోబెట్టి కళ్ళలో మజ్జిగ పోశాను. ఆ పూట చిలికిన కుండెడు మజ్జిగా వాళ్ళ కళ్ళ పాలైంది. కళ్ళు తెరవకుండానే ఆయన అన్నారు: "ముందు వాడికి పొయ్యి. వాడి చూపు పోతే ఆ పిల్లే గదా కూర్చోబెట్టి మేపాలి."

చూపు వచ్చాక శ్రీను లేచి, "దీన్ని చంపకపోతే నా పేరు శ్రీను కాదు" అని వెళ్ళాడు. ఆ సాయంత్రమే అన్నయ్య తన మంచం మోసుకెళ్ళి రాణి గుమ్మానికి అడ్డంగా వేశారు. ఊళ్ళో నలుగురూ నాలుగు మాటలన్నారు. ఆ నోళ్ళు మూయించడానికి నేను రాణి గదిలో చాప వేసుకున్నాను. "నాకు కాపలా వచ్చావా?" అని కసిరారు. "అవును, నీకే" అన్నాను.

శ్రీను అన్నంత పనీ చెయ్యబోయాడు. ఒకరోజు పొద్దెక్కాక గడ్డపలుగు పట్టుకుని వచ్చి పడ్డాడు. అన్నయ్య మంచం మీంచి లేచేలోగా మొదటి దెబ్బ భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు లోపలున్న నాకు వినబడింది. ఆయన కిందపడి కూడా వాడి కాలు కరుచుకుని వదల్లేదు. రెండో దెబ్బకి వాడు పలుగు ఎత్తుతుండగా రాణి లోపల్నుంచి రోకలి తెచ్చి వాడి మోచేతి మీద వేసింది. పలుగు జారిపోయింది. వాడు కుంటుకుంటూ పరుగెత్తి, అన్నయ్య పోయేదాకా మళ్ళీ ఊళ్ళో కనబడలేదు.

పర్చూరు ఆసుపత్రికి ఆటోలో తీసుకెళ్తుంటే, సాల్మన్ మాస్టారి ఒళ్ళో తల పెట్టుకుని కూడా ఆయన రాణినే తిట్టారు: "రోకలి ఇన్నాళ్ళూ ఏ మూల దాచావే? నా భుజం విరిగేదాకా గుర్తు రాలేదా?"

ఆ చెయ్యి మళ్ళీ పైకి లేవలేదు. మంచం మాత్రం అక్కడే ఉంది. ఎందుకన్నయ్యా నీకీ బాధ అని ఒకసారి అడిగాను. "రత్తమ్మ ఉంటే అదే వెళ్ళేది. అది లేదు. అందుకని నేనెళ్లా" అన్నారు. ఆ మహానుభావుడి ఔదార్యం గురించి ఇంతకంటే నేను చెప్పగలిగింది లేదు.

మొన్న మధ్యాహ్నం శవం లేచింది. మగాళ్ళంతా శ్మశానానికి వెళ్ళారు. ఆడవాళ్ళం మిగిలి ఆయన ఇల్లు కడుగుతున్నాం. సరిగ్గా ఆ వేళ చూసుకుని శ్రీను వచ్చాడు.

"ముసలోడు పోయాడుగా. ఇక ఎవడొస్తాడో చూస్తా. పదవే" అని రాణి రెక్క పట్టుకున్నాడు.

ఎవరు ముందు కొట్టారో చెప్పలేను. నేను బిందెతో కొట్టాను. సొట్ట పడింది, మంచి ఇత్తడి బిందె. తలొకటీ అందుకున్నారు. వాడు దణ్ణాలు పెట్టేదాకా కొట్టి, స్తంభానికి కట్టేశాం. మగాళ్ళు తడిబట్టలతో తిరిగొచ్చి నోళ్ళు తెరిచారు. సాల్మన్ మాస్టారు ఫోను చేస్తే పోలీసులు వచ్చి తీసుకెళ్ళారు.

ఆయన ఒంటిచేత్తో చేసిన కాపలాకి వీధి వీధంతా కావలసి వచ్చింది. అన్నయ్యా, నీ దెబ్బలు తిన్న వీధి నీకు చేతులెత్తి మొక్కుతోంది. నీలాంటివాణ్ణి మళ్ళీ ఎక్కణ్ణుంచి తెస్తాం?

ఆ సాయంత్రం నీ మంచం ఉన్న చోట దీపం పెట్టి వస్తుంటే రాణి లోపల్నుంచి తలుపు గడియ వేసుకున్న చప్పుడు విన్నాను. నువ్వున్నన్నాళ్ళూ ఆ పిల్ల గడియ పెట్టుకోలేదు.