వెంచర్ రోడ్డు మీద మిరపకాయలు

అక్షరాలు నాకు ముసలితనంలో వచ్చాయి, వయోజన విద్య క్లాసులో. అందుకే ఇప్పుడు కంటబడ్డ ప్రతి బోర్డూ చదువుతాను, చదివి తిట్టుకుంటాను. మా ఊరి మొగదల వెంచర్ బోర్డు మీద ‘పల్లె ప్రశాంతత, పట్నం సౌకర్యాలు’ అని రాసి ఉంది. అది రాసినవాడు మిరపకోతల్లో మా పల్లె మొహం చూసి ఉండడు.

ఆ నేల ఒకప్పుడు కల్లం. ఊళ్ళో సగం మంది మిరపకాయ అక్కడే ఎండేది. ఆసామి అమ్ముకున్నాడు. ఆయన నేల, ఆయనిష్టం. ఒంగోలు నుంచి వచ్చిన వాళ్ళు రాళ్ళు పాతారు, సిమెంటు రోడ్లు పోశారు, కరెంటు స్తంభాలు నిలబెట్టారు. ఇల్లు మాత్రం ఒక్కటీ లేవలేదు. ఖాళీ రోడ్లు పెనాల్లా కాలుతుంటే చూస్తూ ఊరుకునే రైతు మా వైపు లేడు. కాయ తెచ్చి వాటి మీదే పోశాం.

ఈ ఏడు మొదటి కోత కూలీలకీ పురుగు మందులకీ సరిపోయింది. ఇంట్లోకి ఏమన్నా మిగిలితే రెండో కోతలోనే మిగలాలి. అది సగం ఎండేసరికి వెంచర్ మేనేజరు మోటారు సైకిల్ దిగాడు.

“మామ్మా, రేపు గుంటూరు నుంచి కస్టమర్లొస్తున్నారు. ఈ కాయలన్నీ ఎత్తేయాలి.”

“ఎత్తి ఎక్కడ పొయ్యను, నా నెత్తినా?”

“మీ ఇంటి ముందు పోసుకోండి.”

“ఇంటి ముందు ఆటోలు తిరుగుతున్నాయి. ఇక్కడ తిరగడానికి కుక్క కూడా లేదు.”

“ఇది రెసిడెన్షియల్ మామ్మా. ఇక్కడ ఇలాంటి పనులు చెయ్యకూడదు. మనుషులు ఉండటానికే.”

“పని చెయ్యకుండా మనుషులు ఎట్టా ఉంటార్రా?”

వాడికి అర్థం కాలేదు. వాడి తప్పేమీ లేదు. ఒంగోల్లో మా అమ్మాయి ఇంట్లో కొన్నాళ్ళుండి చూశాను. పని ఒకచోట, పడక ఒకచోట. పొద్దున్నే తాళాలేసుకుని పోతారు. ఎవరేం చేసి బతుకుతున్నారో ఎదురింటివాళ్ళకి తెలీదు. మా ఊళ్ళో పత్తి తీసే రోజుల్లో పత్తి గదుల్లో ఉంటుంది, మంచాలు వాకిట్లో ఉంటాయి. గేదె మూతి పెట్టేది గడప దగ్గరే. ఎవరి పంట చెడిందో వీధిలో వాసనే చెబుతుంది. ఇట్టాంటి ఊరిని పట్టుకొచ్చి ప్రశాంతత అని బోర్డు రాస్తే నాకు ఒళ్ళు మండదా?

కోడలు మాత్రం భయపడింది. “గొడవెందుకత్తయ్యా, ఒక్క పూటేగా. కుప్పజేసి పట్టా కప్పుదాం” అంది. సగం ఎండిన కాయ పట్టా కింద చెమట పడుతుంది, తెల్లబారి తాలు అవుతుంది. తాలుకాయ మొహం వ్యాపారి చూడడు. అది తెలిసీ రోడ్డు పక్కన కుప్పజేసి కప్పాం.

మర్నాడు కారులో మొగుడూ పెళ్ళాం వచ్చారు. ఆవిడ కాలు కింద పెట్టిందో లేదో తుమ్ములందుకుంది. గుంటూరు పేరు చెప్పి కాయ దేశమంతా పోతుంది, ఆ ఊరావిడకే ఘాటు పడలేదు.

“ఇదంతా టెంపరరీ అండి, ఖాళీ చేయిస్తున్నాం” అంటున్నాడు మేనేజరు.

ఆవిడ నా వైపు తిరిగింది. “మామ్మగారూ, ఇక్కడ ఎప్పుడూ ఇంతేనా అండి?”

మేనేజరు ఆవిడ వెనక నుంచి చేతులూపుతున్నాడు.

“ఎప్పుడూ ఎందుకుంటుందమ్మా. ఇప్పుడు మిరప. దీనికి ముందు పత్తికి మందు కొడతాం, ఆ వాసన వేరు. తెల్లారకముందే ట్రాక్టర్లు. ఉగాది దాటితే నెమ్మదిగా ఉంటుంది, అప్పుడు పనుండదు.”

ఆవిడ మొగుడు నవ్వాడు. “అయితే ఉగాది దాటాకే వచ్చి చూస్తాం.”

కారు పోయింది. “ముంచావు కదా మామ్మా. ఇప్పుడు నా టార్గెట్ ఏం కాను?” అన్నాడు మేనేజరు.

“అడిగింది, చెప్పాను.”

పట్టా లాగితే ఆవిరి మొహానికి కొట్టింది. చెయ్యి పెట్టి చూశాను. అడుగున వెచ్చగా, తడిగా తగిలింది. కొన్ని అప్పటికే పాలిపోయాయి. నేనూ కోడలూ కుప్ప చెదరగొట్టడం మొదలుపెట్టాం.

“మళ్ళీ పోస్తున్నారేంటి?”

“ఉగాది దాటాక వస్తామన్నారుగా నీవాళ్ళు. అప్పటిదాకా ఈ రోడ్డుకి వేరే పనేముంది?”

మేనేజరు రుమాలు ముక్కుకు కట్టుకుని బోర్డు నీడలో కుర్చీ వేసుకున్నాడు. మేం పాలిపోయినవి ఏరి పక్కన పడేస్తూ మిగతావి పల్చగా నెరుపుకుంటూ వెళ్ళాం. కుప్పలో ఎక్కువ భాగం దక్కింది, కొంత పోయింది. ఆ పోయినదానికి ఎవరిని అడగాలో ఆ బోర్డు మీద రాసి లేదు.

కాసేపటికి దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గింది.

“మామ్మా, ఏడాది కారానికి కాయ చూడమంది మా ఆవిడ. మంచివి ఏరి పెడతావా?”

“ముందు ఎండనియ్యి నాయనా” అన్నాను. “అవతలికి జరుగు, కాయ తొక్కుతున్నావు.”