అత్తయ్య కాలు, ఆయన ప్రేమ

మా ఆయనకి వాళ్ళమ్మంటే ప్రాణం. ఆ ప్రేమే ఆవిణ్ణి కుర్చీకి కట్టేసింది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

వై టూ కే పనులతో సాఫ్ట్‌వేర్ వాళ్ళందరికీ ఊపిరాడని రోజులవి. సింగపూర్‌లో, బెడోక్ అనే పేటలో మా ఫ్లాట్. పాపని చూసుకోడానికి నెల్లూరు నుంచి వచ్చిన అత్తయ్య బాత్రూంలో జారిపడింది. తుంటి విరిగింది. ఆపరేషన్ బాగానే అయింది, ఇక నడిపించడమే మిగిలిందన్నాడు డాక్టరు.

ఫిజియోథెరపీకి ఇంటికొక అమ్మాయి వచ్చేది. ఇక్కడే పుట్టి పెరిగిన తమిళ పిల్ల. అత్తయ్యకి తమిళం వచ్చు కాబట్టి ఇద్దరికీ కుదిరింది. వాకర్ పట్టించి లేపుతుంటే అత్తయ్య "అమ్మో, చచ్చాన్రా దేవుడా" అని అరిచేది. అరుస్తూనే అడుగేసేది.

ఒకరోజు ఆ అరుపు మా ఆయన చెవిన పడింది. "ఆపండి! మా అమ్మని చంపేస్తారా?" అని ఆ అమ్మాయి మీద కేకలేసి, ఇక రావద్దన్నాడు. సాయంత్రానికి చక్రాల కుర్చీ తెచ్చాడు. అన్నం కలిపి ముద్దలు పెట్టాడు. చూడ్డానికొచ్చిన ఆంటీలు "కొడుకంటే ఇలా ఉండాలి" అని మురిసిపోయారు.

పొద్దున్నే ఆయన ఆఫీసుకి వెళ్ళిపోయేవాడు. సెలవు పెట్టి, ఆవిణ్ణి కుర్చీలోంచి బాత్రూంకి మోసింది నేను. అత్తయ్య కాళ్ళు సన్నబడిపోయాయి. మంచినీళ్ళు తాగడం మానేసింది. ఎందుకని గద్దిస్తే, "మాటిమాటికీ నిన్నెలా పిలవనమ్మాయ్?" అంది.

అంతే, నాకు తల తిరిగిపోయింది. వెంటనే ఆ అమ్మాయికి ఫోన్ చేసి రమ్మన్నాను. ఆ సంగతి చెప్పగానే మా ఆయన మొహం ఎర్రబడింది.

"నొప్పి పడేది మీ అమ్మ కాదుగా!"

"మీకు ఆ అరుపు వినే ఓపిక లేదు. అందుకే ఆవిణ్ణి కూర్చోబెట్టారు!"

లోపల్నుంచి అత్తయ్య గొంతు ఖంగుమంది. "ఒరేయ్, అరిచేది నేను. వినలేకపోతే నువ్వు బయటికి పో."

ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. అత్తయ్య తొడ నొక్కి చూసి పెదవి కొరుక్కుంది. అన్నీ మొదట్నుంచీ చేయించాల్సి వచ్చింది. చివరికి అత్తయ్య నడిచింది, కానీ ఓ పక్కకి ఒరుగుతూ, కర్ర పట్టుకుని. మధ్యలో ఆపకపోయుంటే ఆ కర్ర అక్కర్లేకపోయేదేమోనని ఆ అమ్మాయి నాతో గొంతు తగ్గించి అంది.

ఆ తర్వాత తెలుగువాళ్ళ భోజనాల్లో ఎవరో అత్తయ్య నడక చూసి మెచ్చుకున్నారు. మా ఆయన ఛాతీ విరుచుకుని, "ఫిజియోథెరపీ విషయంలో నేను అస్సలు రాజీ పడలేదండీ" అన్నాడు. పక్కనే ఉన్న అత్తయ్య తలొంచుకుని పులిహోర తింటోంది.

తిరిగొచ్చేటప్పుడు ట్రైన్‌లో, ఆయన పాపతో అవతల సీట్లో ఉండగా అడిగాను. "అత్తయ్యా, ఒక్క మాట అనలేకపోయారా?"

"కొడుకు కదమ్మాయ్," అంది.

బెడోక్ వచ్చేదాకా ఆవిడ మొహం కూడా చూడలేదు నేను.