ఒక చెంపకు పసుపు

చిత్తూరు దగ్గర ఐరాలలో మోటార్లకు వైండింగ్ చుట్టే మునికృష్ణకు పదో తరగతితో చదువు ఆగింది గానీ చదవడం ఆగలేదు. ఎవరేం చెప్పినా రుజువు అడుగుతాడు. అందుకే ఊళ్లో అతణ్ని పిలిచి కూర్చోబెట్టుకునేవాళ్లు తక్కువ.

చెల్లెలు ప్రసన్నకుమారికి చిత్తూరులో కళ్లజోళ్ల అంగడిలో పని దొరికినట్టే దొరికి ఆగింది. ఆమె మొటిమలు చూసి యజమాని, "మొగం బాగుచేసుకోని ఉగాది దాటినాక రామ్మా" అన్నాడు. ఆ మాటకు మునికృష్ణకు ఒళ్లు మండింది. మండి ఏం లాభం? ఆ పిల్లకు ఆ పని కావాలి.

అమ్మ నాగులమ్మ వెంటనే వేపాకూ పసుపూ నూరింది. మునికృష్ణ ఫోనులో పరిశోధనలు తిరగేశాడు. టీ ట్రీ అనే చెట్టు నూనెను నూటికి అయిదు పాళ్లు కలిపిన జెల్, నిదానంగానైనా మొటిమలు తగ్గిస్తుందని మనుషుల మీద చేసిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. వేప మీద పరీక్షలు ఎక్కువగా ప్రయోగశాల గాజు పళ్లేల్లో పెంచిన క్రిముల దగ్గరే ఆగాయి. పసుపు మీద జరిగినవీ చిన్నచిన్నవే.

"అయితే నా ముద్ద పనికిరాదంటావా?" అంది నాగులమ్మ.

"తెలీదంటున్నా మా. సూద్దాం. ఎడమ చెంపకు నేను తెచ్చే జెల్, కుడి చెంపకు నీ ముద్ద."

"నా మొగమేమన్నా మడికయ్యా, మీరిద్దరూ గట్టేసి పంచుకునేదానికి?" అంటూనే ప్రసన్న ఒప్పుకుంది.

రెండు నెలలకు, ఉగాది దాటేసరికి, మొటిమలు తగ్గాయి. రెండు చెంపల మీదా ఒకే తీరుగా! మునికృష్ణ ఆమెను వాకిట్లో ఎండకు నిలబెట్టి ఎంత చూసినా తేడా లేదు. అతనికి అనుమానం వచ్చింది.

"అమ్మా, ఎడమ పక్క గూడా ముద్ద పూసినావా?"

"పూయకుండా? ఆడపిల్లకు ఒక చెంపకే పసుపు పూసి ఇంకోటి బోసిగా వదిలేస్తారంట్రా యాడన్నా? అశుభం గాదూ! నువ్వు పనికి పోతానే అద్దేదాన్ని."

"నాకు చెప్పొద్దా?"

"చెప్తే ఇట్లే అరస్తావు గదరా."

"నువ్వన్నా చెప్పొద్దా ప్రసన్నా?"

"అదొకటే గాదన్నా. అమ్మ నీ జెల్ కుడి పక్కకు గూడా పూసింది. ఆ పక్క ఏం పాపం చేసిందని!"

మునికృష్ణ తల పట్టుకున్నాడు. జెల్ పనిచేసిందో, వేప పనిచేసిందో, ఏమీ పూయకున్నా తగ్గేవో ఇక దేవుడికీ తెలియదు.

"మళ్లీ మొదలుపెడదాం. ఈసారి కుడి పక్క ఏమీ పూయొద్దు."

"మళ్లీ మొటిమలు యాడ తెచ్చేదిన్నా? బస్సొచ్చే టైము" అంది ప్రసన్న. ఏది మానేస్తే ఏమవుతుందో అన్న భయంతో జెల్ గొట్టమూ, పసుపు ముద్ద డబ్బా రెండూ సంచిలో వేసుకుని, చిత్తూరుకు పనిలో చేరడానికి బయల్దేరింది.