సముద్రం మీద గాలి ఎవరు చూశారు

డెబ్భై ఏడు ఉప్పెనలో మా అత్తగారి తమ్ముడు పోయారు. ఆయనది నాగాయలంక వైపు పల్లెటూరు. నేను నందిగామకు కోడలిగా వచ్చి అప్పటికి రెండేళ్ళు. ఇక్కడ మాకు చెట్లు కూలాయి, పత్తి చేలు నేలకొరిగాయి, కరెంటు పోయింది. దివిసీమలో ఏం జరిగిందో మూడో రోజుకు గాని తెలియలేదు.

ఆ మూడో రోజే నా తమ్ముడి దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. వాడు కోస్తాలో ఒక వాతావరణ కేంద్రంలో చిన్న ఉద్యోగి. ఓడల నుంచి, రేవుల నుంచి వచ్చే గాలి వివరాలకు మ్యాపు మీద గుర్తులు పెట్టడం వాడి పని. తుఫానుకు మూడు రోజుల ముందు రాసిన ఉత్తరం అది. జగ్గయ్యపేటలో అమ్మ కాళ్ళనొప్పులు ఎలా ఉన్నాయని అడిగాడు. గోంగూర పచ్చడి పంపమన్నాడు. తుఫాను మాట ఒక్కటి లేదు.

ఆ ఉత్తరాన్ని నేను అత్తయ్యకు చూపించలేదు. బీరువాలో చీరల మధ్య దాచాను. ఎందుకు దాచానో అప్పుడు ఆలోచించలేదు. తర్వాత తర్వాత తెలిసింది, నా తమ్ముడి మీద నాకే అనుమానం వచ్చిందని. గాలి లెక్కలు చూసే వాడికి ముందే తెలియదా? తెలిసి ఒక ముక్క రాయలేకపోయాడా? పరామర్శకు కూడా రాలేదు. సెలవు దొరకలేదని ఒకసారి, జ్వరమని ఒకసారి కబురు చేశాడు. ప్రతి సాకునూ నేను రెండుసార్లు చదివేదాన్ని. అత్తయ్య నన్నేమీ అడగలేదు గాని, రేడియోలో వాతావరణ సూచన మొదలవగానే లేచివెళ్ళి కట్టేసేవారు.

ఏడాదిన్నర గడిచాక, ఒక వేసవిలో, జగ్గయ్యపేట వచ్చిన వాడు మమ్మల్ని చూడటానికి నందిగామ వచ్చాడు. భోజనాలయ్యాక మా వారితో కబుర్లలో పడి, ఆఫీసులో ఏదో పత్రికలో చదివిన సంగతి చెప్పాడు. కిందటేడు అమెరికా వాళ్ళు ఒక ఉపగ్రహాన్ని పంపారట. అది ఆకాశం నుంచి సముద్రం మీద గాలిని కొలిచిందట. అత్తయ్య గుమ్మం దగ్గర కూర్చుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తున్నారు. చేతులు ఆపి వాడి వైపు చూశారు.

"గాలి కంటికి కనపడదు కదా బాబూ. అంత పైనుంచి ఎట్టా కొలిచారు?"

వాడు లేచి పళ్ళెంలో నీళ్ళు తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. నెమ్మదిగా ఊదాడు. నీళ్ళ మీద సన్నటి ముడతలు పడ్డాయి. గాలిని చూడక్కర్లేదనీ, ఈ ముడతల్ని చూస్తే చాలనీ చెప్పాడు. పైనుంచి ఏటవాలుగా రాడారు తరంగాన్ని పంపితే, నున్నటి నీటి మీద పడి అది అవతలికి జారిపోతుంది. ముడతలుంటే కొంత వెనక్కి వస్తుంది. ఎంత వెనక్కి వచ్చిందో చూసి గాలి ఎంతో కనుక్కుంటారు.

ఆ ఉపగ్రహం ఇప్పుడుందా అని అడిగారు అత్తయ్య. లేదనీ, నాలుగు నెలలన్నా నిండకుండానే కరెంటు లోపం వచ్చి ఆగిపోయిందనీ, దాని లెక్కలు తమ ఆఫీసుకు రానేలేదనీ వాడు చెప్పాడు. ఆవిడ పెదవి విరిచి మళ్ళీ మిరపకాయ అందుకున్నారు. అందుకుని, తల ఎత్తకుండా అడిగారు.

"మా వాడు పోయిన్నాడు గాలి ఎంతుందో మీకు తెలుసా?"

మా వారు మాట మార్చబోయారు గాని అత్తయ్య చెయ్యెత్తి ఆపారు.

వేరే ఉపగ్రహాల నుంచి మబ్బుల ఫొటోలు వచ్చాయనీ, తుఫాను వస్తోందని తెలుసనీ, రేడియోలో హెచ్చరికలు వెళుతూనే ఉన్నాయనీ వాడు చెప్పాడు. కానీ ఆ మబ్బు కింద గాలి ఎంతుందో దగ్గరున్న ఓడ చెప్పాలి. హెచ్చరిక విన్న ఓడ అక్కడ ఉండదు, పారిపోతుంది. పోవాలి కూడా.

"నా మ్యాపులో చుట్టూ గుర్తులున్నాయండి. తుఫాను ఉన్నచోట మాత్రం ఖాళీ. ఎంత గాలో ఊహించాం, అంతే."

అప్పుడు నేను ఉండబట్టలేక అడిగేశాను. "మరి నాకు రాసిన ఉత్తరంలో ఆ మాటన్నా ఎందుకు రాయలేదురా?"

"అప్పటికి ఎటు తిరుగుతుందో తేల్లేదక్కా. ఊహ రాస్తే, అది తప్పయితే, అందరూ నవ్వుతారనుకున్నా."

ఉత్తరం ఉందన్న సంగతి అత్తయ్యకు అప్పుడే తెలిసింది. తెమ్మన్నారు. రెండుసార్లు చదివారు. మడిచి నా చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయారు. ఆ తర్వాత కొన్ని నెలలు మా ఇంట్లో వాడి పేరు ఎవరూ ఎత్తలేదు. నేను దాచినందుకు కోపమో, వాడు రాయనందుకు కోపమో నాకు తెలియలేదు.

ఏటా కార్తీకంలో ఆ తిథికి అత్తయ్య నాగాయలంక వైపు ఆ పల్లెకు, పోయిన తమ్ముడి భార్య అయిన మరదలి దగ్గరికి వెళ్ళి, ఆయన పేరున పదిమందికి అన్నం పెట్టించి వచ్చేవారు. ఎనభైల మధ్యలో ఒక ఏడాది, ఆవిడ సంచి సర్దుకున్న పొద్దున్నే ఎదురుగా ఉన్న ఎరువుల కొట్టుకు ఫోన్ వచ్చింది. నా తమ్ముడే. బంగాళాఖాతంలో తుఫాను ఉంది, అత్తయ్యగార్ని పంపొద్దు అన్నాడు. నేను వచ్చి ఆ మాట చెబితే, ఆవిడ నమ్మక తనే రోడ్డు దాటి వెళ్ళి ఫోన్ పట్టుకున్నారు.

"గాలి కొలిచారా బాబూ?" అన్నారు. అవతల ఏదో చెప్పాడు. "అయితే ఇదీ ఊహేనా?" అన్నారు. మళ్ళీ ఏదో చెప్పాడు. "సరే" అని పెట్టేశారు.

సంచి విప్పుతారనుకున్నాను. భుజాన వేసుకుని బయల్దేరారు. మా వారు అడ్డుపడితే ఒకటే మాట అన్నారు. "నాకు చెప్పేవాడున్నాడు. అక్కడున్నదానికి ఎవరు చెప్తారు?"

ఆ రోజంతా నా మనసు మనసులో లేదు. ఆవిడకేమన్నా అయితే వాడు ఫోన్ చేసి పంపినట్టవుతుంది, చేయకపోతే దాచినట్టయ్యేది. మర్నాడు మధ్యాహ్నం ఇద్దరూ బస్సు దిగారు. అత్తయ్య చేతిలో సంచి, మరదలి చేతుల్లో గోనెసంచిలో చుట్టిన కుట్టుమిషను. ఉప్పెన తర్వాత ఆవిడ దాని మీదే బతుకుతున్నారు. అది లేకుండా కదలనన్నారట.

తుఫాను ఒరిస్సా వైపు పోయింది. నందిగామలో నాలుగు రోజులూ ఎండ కాసింది, పత్తితీతలు సాగాయి. ఆ తిథికి అన్నాలు మా ఇంట్లోనే పెట్టాం. మరదలుగారు వడ్డిస్తూ కూడా గొణుగుతూనే ఉన్నారు, పెళ్ళివాళ్ళ జాకెట్లు మధ్యలో వదిలేసి వచ్చానని.

ఆదివారం నా తమ్ముడు వచ్చాడు. మీ ఉపగ్రహం చెప్పిందా అని మరదలుగారు నిలదీశారు. ఇప్పుడు మన ఉపగ్రహమే మబ్బుల్ని రోజంతా చూస్తోందనీ, వాటి ఆకారాన్ని బట్టి కింద గాలిని ఇంకా అంచనానే వేస్తున్నామనీ వాడు చెప్పి, తప్పయింది క్షమించమన్నాడు.

"తప్పేం లేదు. ఊహేనని ఫోన్లోనే చెప్పాడు నాకు. చెప్పడానికి ఈసారి సిగ్గుపళ్ళేదు," అన్నారు అత్తయ్య. వాడికి రెండోసారి అన్నం ఆవిడే వడ్డించారు. వాడు తలొంచుకుని తిన్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాను.

మరదలుగారు మాత్రం, ఇంకోసారి ఫోన్ వస్తే కదిలేది లేదని చెప్పి బస్సెక్కారు. రెండేళ్ళకు మళ్ళీ వచ్చింది ఫోన్. అత్తయ్య వెళ్ళి పిలిస్తే మరదలుగారు తిట్టుకుంటూనే వచ్చారు. ఆసారి గాలి కొట్టింది, ఆవిడ వంటపాక కప్పు లేచిపోయింది. అది గాలికి పోయిందా, పొరుగువాళ్ళు పీక్కుపోయారా అని ఆవిడకు చాలాకాలం అనుమానం ఉండేది.