వాసన లేని నీళ్లు

సముద్రతీరం నుంచి వస్తున్న రైల్లో, నా ఎదుటి సీటామె కాళ్ల మధ్య బకెట్ నిండా మెట్టతామర దుంపలు. అమ్మకానికా అని అడిగాను.

"కాదక్కా, నాటనీకి."

ఆమెది కేసముద్రం దగ్గరి తండా. పనికి పోయి బీచ్ పక్క బస్తీలో ఉండిపోయిందట. హోటళ్ల మురుగు సముద్రంలో కలవకుండా బస్తీ ఆడవాళ్లంతా ఈ మొక్కలతో మడులు వేశారు. మురుగు వాటి వేళ్ల గుండా పోతే తేటపడుతుంది.

"మా మడుల నీళ్లు వాసనే రాకపోయేటియి. టూరిస్టులొస్తే దోసిట్ల పట్టి మొకం కడుక్కొని చూపెడుతుంటిమి. మస్తు సంబురముండె."

ఒకనాడు అలలకు ఇసుక కోసుకుపోయి, హోటళ్ల వాళ్లు దాచి పాతిన పైపు బయటపడింది. మురుగంతా అందులోంచి నేరుగా సముద్రంలోకే పోతోంది. మడుల్లోకి వాళ్లు ఇన్నాళ్లూ వదిలింది ఉత్త బోరు నీళ్లు.

"మా సంఘం పెద్దక్కకు మొదట్నుంచి ఎరుకేనట. రోజూ మాతోనే కూసొని తింటుండె."

"అడిగితే ఏమన్నది?"

"మొక్కలైతె మంచిగనే పెరిగినయి గదా, అన్నది."

నా నీళ్ల సీసా అందించాను. మూత తీసి, వాసన చూసి, అప్పుడు తాగింది.

కేసముద్రంలో బకెట్ ఎత్తుకుని దిగింది.

"మా తండా మోరి కాడ నాటుతక్కా. గాడ మురికన్న అసలుది."