సుజాతమ్మ చేయించిన ఫోన్

గద్వాల బస్టాండులో ఉడికించిన పల్లికాయల వాసన తగిలితే ఇప్పటికీ ఫోన్ మీద నా వేలు ఆగిపోతుంది. వనపర్తిలో నాకు కౌన్సెలింగ్ పని నేర్పిన సుజాతమ్మ, వచ్చినవాళ్లను చాప మీద కూర్చోబెట్టి, మధ్యలో ఒకే పళ్లెంలో ఆ కాయలు పెట్టేవారు. "మొగాలు చూసుకోకున్నా చేతులన్న ఒక్కకాడికొస్తయి" అనేవారు. ఒక్కరొచ్చినా, జంటగా వచ్చినా, ఇల్లంతా వచ్చినా ఆమె మొదట వెతికేది వాళ్ల మధ్య మాట ఎక్కడ తెగిందో.

హైదరాబాద్ నుంచి కొత్తగా వచ్చిన నాకు అంత ఓపిక లేదు. ఆమె లేని ఒక పూట పెబ్బేరు దగ్గరి పల్లె నుంచి ఎల్లమ్మ వచ్చింది. పుణెలో తాపీ పని చేసే భర్త యాదయ్య ఫోన్ చేస్తే తల్లితోనే మాట్లాడతాడట, తనను ఒక్కసారీ పిలవడట. ఏడ్చింది. నా రక్తం ఉడికింది. ఆమె చీటీ మీద రాయించుకొచ్చిన నంబరుకు అక్కడే ఫోన్ కొట్టి, "మీ అమ్మ ఒక్కతే మనిషా? కట్టుకున్నది కాదా?" అని కడిగేశాను. చాలా గొప్పగా అనిపించింది.

వారానికి ఎల్లమ్మ మళ్లీ వచ్చింది. "నన్ను పుట్టింటికి పొమ్మంటుండు మేడం. ఇజ్జత్ తీసినవంటుండు. నా కాపురం ఇగ అయిపాయె."

సుజాతమ్మ నన్ను తిట్టలేదు. "కొట్లాటల నువ్వు గెలిచినవ్ బిడ్డా, ఓడింది ఈమె. ఆయనకు ఫోన్ చెయ్. తప్పయిందని చెప్పు. తల్లిని తీస్కొని రమ్మను."

నాలుగుసార్లు కట్ చేశాడు. ఐదోసారి చెప్పగలిగాను.

పని మానుకుని తల్లితో వచ్చాడు. ముగ్గురూ చాప మీద కూర్చున్నారు. సుజాతమ్మ నన్ను నోరు మెదపొద్దన్నారు.

"నేను ఎప్పుడు చేసినా అమ్మనే ఎత్తుతది," అన్నాడు యాదయ్య. "ఈమెకు నాతోని మాట్లాడ మనసు లేదనుకున్న."

ఎల్లమ్మ తల ఎత్తలేదు. "ఇంట్ల ఉన్నది ఒక్క ఫోను. అత్త ముంగట మొగనితోని ఏం మాట్లాడాలె? సిగ్గుగాదా?"

"ఓయమ్మో!" అంది అత్త. "గీ మాట ముందే చెప్తే నేను పక్కింట్ల కూసోకపోదునా? నేనేమన్న ఫోన్ మీద పొదుగుతున్ననా?"

యాదయ్యకు నవ్వు ఆగలేదు. ఎల్లమ్మ చేయి పళ్లెం దాకా వచ్చింది. పొద్దస్తమానం ఫోన్ పట్టుకుని తిరిగే నాకు, ఒక భార్య చేతికి ఫోనే అందదన్న ఊహ రాలేదు. నంబరు చీటీ మీద ఎందుకుందని కూడా అడగలేదు.

ఇప్పుడు గద్వాలలో నేనే కౌన్సెలర్‌ను. కోపం అలాగే ఉంది. నిన్న ఒక తండ్రి బల్ల గుద్ది, "నువ్వు మా బిడ్డ దిక్కా, అల్లుని దిక్కా?" అని అరిచాడు. గొంతు దాకా వచ్చిన మాటను మింగి చెప్పాను:

"అల్లుణ్ని రమ్మనండి పెద్దాయనా. ఆయన మాట నేనింకా వినలేదు."