జతకు పోయిన చదువు

మొన్న మా కాలేజీలో మొదటి ఏడాది పిల్లలకు ఓరియంటేషన్ వారం మొదలైంది. ప్రతి ఏడూ ఉండే తతంగమే. ఒక్కొక్కరే లేచి పేరు, ఊరు, ఈ బ్రాంచి ఎందుకు తీసుకున్నారో చెప్పాలి. ఎందుకు తీసుకున్నారో చాలామందికి తెలియదు, అయినా ఏదో ఒకటి చెబుతారు. దేశానికి సేవ చేస్తామనేవాళ్ళు ముగ్గురు నలుగురైనా ఉంటారు. నేను అందరికీ తల ఊపుతాను, అది నా ఉద్యోగంలో భాగం. మొన్న మాత్రం మద్దికెర నుంచి వచ్చిన ఒక సన్నటి పిల్ల లేచి, దాపరికం ఏమీ లేకుండా, "మా అక్క జతకు వచ్చినా మేడమ్" అంది. హాలంతా గొల్లుమంది. పక్కనే ఉన్న వాళ్ళక్క సిగ్గుతో బల్ల మీదికి తల వాల్చేసింది. నాకు నవ్వు రాలేదు. తర్వాతి పిల్లను లేపడం కూడా మర్చిపోయి అలాగే నిలబడ్డాను.

జతకు పోవడమంటే మా వైపు మాటల్లో తోడుగా వెళ్ళడం. మేము పెరిగే రోజుల్లో ఆదోనిలోనైనా ఎమ్మిగనూరులోనైనా ఆడపిల్ల వీధి మలుపు తిరగాలంటే ఎవరో ఒకరు జతకు ఉండాల్సిందే. అందులో జతకు తీసుకుపోయేవాళ్ళు కొందరు, జతకు పోయేవాళ్ళు కొందరు. నేను రెండో రకం. ఎమ్మిగనూరులో మా నాయన మగ్గం నేసేవాడు, అమ్మ రాట్నం మీద దారం కండెలు చుట్టేది. అమ్మకు ఒక్కడే అన్న, ఆదోనిలో లెక్కల మాస్టరు. పదో తరగతి అయ్యాక ఇంటర్ చదవడానికి నన్ను మామ ఇంట్లో పెట్టారు. మామకు ఒక్కతే కూతురు, నాకంటే మూడు నెలలు పెద్ద. మూడు నెలలైనా వదిన వదినే, పేరు పెట్టి పిలిస్తే అత్త ఊరుకునేది కాదు. వదిన తెలివైనదే గానీ కొత్త మనిషిని చూస్తే గొంతు పెగలదు. అందుకని ట్యూషన్‌కు జతకు నేను, గాజుల కొట్టుకు జతకు నేను, చివరికి పళ్ళ డాక్టరు దగ్గరికి కూడా నేనే. పన్ను నొప్పి ఆమెది, కుర్చీ పక్కన నిలబడి చెయ్యి నలిపించుకోవడం నాది.

ఇందులో నాకేమీ కష్టం తోచలేదు. మామ అంటే నాకు ప్రాణం. ఇద్దరికీ ఒకే తానులో గుడ్డ చింపించి ఒకే తీరుగా డ్రెస్సులు కుట్టించేవాడు. పత్తి లారీల మధ్య దారి వెతుక్కుంటూ ఇద్దరం ఒకే రంగులో పోతుంటే బ్యాండు మేళం వాళ్ళలా కనబడేవాళ్ళం. జిన్నింగు మిల్లుల దూది జడలకు అంటుకుని ఇంటికి వచ్చేది, అత్త విసుక్కుంటూ ఏరేది. సాయంత్రాలు మామ చాప పరిచి లెక్కలు చెప్పేవాడు. చిక్కు లెక్క ఒకటి నేను తెంపితే, సుద్దముక్క పక్కన పెట్టి, "నీ తలకాయి మన వంశంలో ఎవరికీ ల్యాదమ్మీ" అనేవాడు. వదిన ముందే అనేవాడు. వదిన కూడా నవ్వేది.

ఓడల పిచ్చి నాకు ఎక్కించింది కూడా ఆయనే. ఇనుప ఓడ ఎందుకు మునగదని ఒకరోజు అడిగాను. మామ పెరట్లోకి తీసుకుపోయి, నీళ్ళ తొట్టిలో అత్త పాలగిన్నె వదిలి, అందులో ఒక్కొక్క గులకరాయి వేస్తూ చూపించాడు. గిన్నె ఎంత కిందికి దిగితే నీళ్ళు అంత పైకి తోస్తాయని చెప్పాడు. మా ఇంట్లో కొళాయి నీళ్ళు ఎప్పుడు వస్తాయో ఎవరికీ తెలియదు, వచ్చినప్పుడు బిందెలు కూడా చాలవు. అలాంటి ఊళ్ళో ఒక ఆడపిల్ల ఓడలు కట్టే ఇంజినీరునవుతానని పట్టుపట్టింది. వినేవాళ్ళకు నవ్వుగానే ఉండేది. మామ నవ్వలేదు. సముద్రం ఒడ్డున ఉన్న ఒక యూనివర్సిటీలో ఆ చదువు ఉందని కనిపెట్టి చెప్పింది ఆయనే.

ఎంట్రన్సులో నాకు మంచి ర్యాంకు వచ్చింది, వదినకు అంతకంటే బాగా వెనక వచ్చింది. ఏ కాలేజీలో ఏ బ్రాంచి కావాలో వరసగా కంప్యూటర్లో ఎక్కించాలి, దానికి ఆప్షన్లని పేరు. మామ నన్ను నెట్ సెంటరుకు తీసుకుపోయాడు. నా చేత్తో నేనే ఓడల కోర్సును మొదటి స్థానంలో పెట్టాను. పాస్‌వర్డు వచ్చింది మామ ఫోనుకే, నాకు అప్పటికి ఫోను లేదు. ఇంకా రెండు రోజులు గడువు ఉందనగా అమ్మ కబురు పెట్టింది. కండెలు చుట్టేకి మనుషులు లేరు, వచ్చి పొమ్మంది. పోయాను. రెండు రోజులు రాట్నం తిప్పుతూ, ఓడల గురించి నాకు తెలిసిందంతా అమ్మకు చెప్పాను. అమ్మ ఊఁ కొట్టింది, నా ముఖం వైపు చూడలేదు. దారం తెగుతుందని చూడలేదనుకున్నాను.

ఓడల కోర్సులో సీటు రాలేదు. నాకూ వదినకూ ఒకే యూనివర్సిటీలో, ఒకే ఎలక్ట్రికల్ బ్రాంచిలో వచ్చింది. సముద్రానికి ఎంత దూరం ఉండొచ్చో అంత దూరంలో ఉంది ఆ ఊరు. నేను ఏడుస్తుంటే మామ నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "ర్యాంకు అందల్యాదమ్మీ, ఏం సేస్తాం? ఇద్దురూ ఒకే సోట పడినారు, అదొక మేలు" అన్నాడు. అని ముఖం పక్కకు తిప్పుకున్నాడు. పాపం నాకోసం ఈయన ఇంత బాధ పడుతున్నాడే అని నేనే కళ్ళు తుడుచుకుని ఆయనకు మంచినీళ్ళు ఇచ్చాను.

బయలుదేరేటప్పుడు, మొదటి వారం పాఠాలు ఉండవు, ఓరియంటేషన్ ఉంటుందని అమ్మకు చెప్పాను. అమ్మ కంగారుపడి, "వారం దినాలు టేషన్లో మీకేం పనమ్మీ?" అంది. పోలీసు స్టేషన్ కాదని నచ్చజెప్పేసరికి బస్సు కదిలింది. హాస్టల్లో ఇద్దరికీ ఒకే గది ఇచ్చారు. రెండు బకెట్లు, రెండు మగ్గులు, రెండు తాళాలు కొన్నాం, అన్నీ ఒకే రంగు. మొదటిరోజు ఐడీ కార్డుకు ఫొటోలు, ర్యాగింగ్ చెయ్యబోమని సంతకాలు. రెండో రోజు లైబ్రరీ చూపించారు. మెస్సులో సాంబారు తియ్యగా ఉందని వదిన అన్నం ముందు కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నా పచ్చడి డబ్బా ఆమె వైపు జరిపాను. ఆ రెండు రోజులూ బాగానే ఉన్నాను. కరెంటు ఇంజినీరునైతే మాత్రం ఏం పోయింది, మా ఊళ్ళో కరెంటు కూడా ఓడ అంత వింతే కదా అని సమాధానం చెప్పుకున్నాను.

మూడో రోజు పరిచయాలు. ఒక పెద్ద వయసు ప్రొఫెసరు అందరినీ పేరు, ఊరు, ర్యాంకు, అసలు ఏం చదవాలనుకున్నారో చెప్పమన్నారు. నేను ఓడలన్నాను. "ఆదోనిలోనా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు, అందరూ నవ్వారు. ఆయన మాత్రం నా ర్యాంకు మళ్ళీ చెప్పమని, తర్వాత తన గదికి రమ్మన్నారు. కంప్యూటర్లో ఏదో వెతికి చూసి, "ఆ కోర్సులో బయటి ప్రాంతం వాళ్ళకిచ్చిన సీటు కూడా నీకంటే వెనక ర్యాంకుకు వచ్చిందమ్మా. నువ్వు ఆప్షన్ పెట్టలేదేమో" అన్నారు. మొదటిదే పెట్టినాను సార్ అన్నాను. అయితే నీ ఆప్షన్ల కాగితం తీసి చూసుకో అన్నారు. పాస్‌వర్డు నాకు బట్టీ వచ్చు. ల్యాబులో ప్రింటు తీశాను. ఓడల కోర్సు మొదట్లో లేదు, మధ్యలో లేదు, చివర్లో కూడా లేదు. మొదటి వరసలో ఈ యూనివర్సిటీ, ఈ బ్రాంచి. కింద మార్చిన తేదీ ఉంది. నేను ఎమ్మిగనూరులో రాట్నం తిప్పుతున్న రెండో రోజు అది. రెండో విడత కౌన్సెలింగ్ కూడా అయిపోయిందమ్మా, ఇప్పుడు చేసేదేమీ లేదని ప్రొఫెసరు మెల్లగా చెప్పారు.

గదికి వచ్చేసరికి వదిన అలమరలో కాగితాలు పరుస్తోంది. ప్రింటు ఆమె ముందు పెట్టి, ఇది ఎవరు మార్చారని అడిగాను. నాకు తెలియదు అని ఒక్క మాట అని ఉంటే నమ్మేదాన్ని. ఆమె కాగితం మడత సరిచేస్తూ, "నాయన సెప్పొద్దన్యాడు" అంది. తర్వాత ఏడ్చింది. "నువ్వు ల్యాకుంటే నేను యాడికీ పోనంటిని. నాయన ఇంగేం సేస్తాడు?" ఆమె ఏడుస్తుంటే నా చెయ్యి అలవాటు కొద్దీ ఆమె వీపు మీదికి పోయింది. మధ్యలో వెనక్కి తీసుకున్నాను.

హాస్టల్ ఆఫీసు ఫోను నుంచి అమ్మకు చేశాను. కండెలకు నిజంగా మనుషులు లేకనే పిలిచినావా అని అడిగాను. అటువైపు మగ్గం చప్పుడు వినబడింది. అమ్మ "తిన్నావా?" అంది. మళ్ళీ అడిగాను. "రెండేండ్లు ఆళ్ళింట్లో ఉంటివి గదమ్మీ. అన్న నోరు తెరిసి అడిగితే యట్ల కాదనేది?" అంది. అంటే ముగ్గురికీ తెలుసు. నేను రాట్నం దగ్గర కూర్చుని ఓడల కథలు చెబుతున్న రెండు రోజులూ అమ్మకు తెలుసు. మామ మోసం కంటే నాకు అదే ఎక్కువ మంట పుట్టించింది. ఆ మంట మీద రెండు రోజులు అన్నం మానేశాను. తర్వాత ఆకలికి తట్టుకోలేక తియ్యటి సాంబారే రెండుసార్లు పోయించుకున్నాను.

ఆదివారం ఆఖరి రోజు, తల్లిదండ్రుల సమావేశం. మామ వచ్చాడు, రెండు డబ్బాల్లో అత్త వండిన నిప్పట్లు తెచ్చాడు. హాస్టల్ మెట్ల మీద కూర్చున్నాం. కాగితం చూపించాను. ఆయన కాదనలేదు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"దాన్ని ఒక్కదాన్నే యట్ల పంపేకవుతుందమ్మీ? ఏడ్చి ఏడ్చి జరం తెచ్చుకున్యాది."

"నేను ఒక్కదాన్నే పోతుంటి గద మామా."

"నువ్వు పోతావు. నీకేం, యాడేసినా బతుకుతావు."

మెచ్చుకోలుగానే అన్నాడు. చాప మీద లెక్క తెంపినప్పుడు మెచ్చుకున్న గొంతుతోనే అన్నాడు. భయపడినదానికి అడిగింది దొరికింది, భయం లేనందుకు నాది పోయింది. ఆ న్యాయం ఆయనకు ఎంత మామూలుగా కనబడిందో చూశాను. డబ్బా మెట్ల మీదే వదిలి లోపలికి వచ్చేశాను. వదిన రెండు డబ్బాలూ తెచ్చి, ఆమె అరలో ఒకటి, నా అరలో ఒకటి పెట్టింది.

దసరా సెలవులకు ఇంటికి పోయిన వదిన మళ్ళీ రాలేదు. ఆ తిండి పడలేదు, ఆ ఊరు పడలేదు. నేను ఉన్నా పడలేదు. మామ ఆమెను ఆదోనిలోనే డిగ్రీ కాలేజీలో చేర్చాడు. పరుపు, బకెట్ తీసుకుపోవడానికి ఆయనే వచ్చాడు. పరుపు చుట్టి తాడు కడుతూ, "నువ్వు మాత్రం బాగా సదువుకో అమ్మీ" అన్నాడు. తాడు ఇంకో కొస నేనే పట్టుకున్నాను. ఆటో వెళ్ళిపోయాక గదికి వచ్చి రెండో మంచం వైపు చూస్తూ కూర్చున్నాను. ఎవరి కోసం నన్ను అక్కడికి తెచ్చారో ఆ మనిషి మూడు నెలల్లో వెళ్ళిపోయింది. నేను నాలుగేళ్ళు ఉన్నాను.

చదివాను, ఉద్యోగం వచ్చింది, ఇప్పుడు అదే కరెంటు పాఠాలు చెబుతున్నాను. పిల్లలు బాగానే వింటారు. వదినతో మాట్లాడతాను, పండగకు పోతే ఆమె పిల్లలను ఎత్తుకుంటాను. మామ రిటైరయ్యాడు. ఇంటికి ఎవరు వచ్చినా నన్ను చూపించి, "మా మేనకోడలు, ఇంజినీరింగ్ కాలేజీలో లెక్చరరు. ఆ దినం నేనే దగ్గరుండి ఆప్షన్లు పెట్టించినా" అంటాడు, గర్వంగా, కళ్ళలో ఏ మరకా లేకుండా. వచ్చినవాళ్ళు ఆయన్ను మెచ్చుకుంటారు. నేను కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి పోతాను. తప్పయిందమ్మీ అని ఒక్కసారైనా అంటాడేమోనని చాలా ఏళ్ళు ఎదురుచూశాను. ఆ ఎదురుచూపు ఎప్పుడు మానేశానో కూడా ఇప్పుడు గుర్తు లేదు.